ఎదురొచ్చిన మనిషి

"నిలుపప్పా యేసన్నా, నిలుపు!"

వార్డుబాయ్ యేసన్న తోస్తున్న కొడుకు స్ట్రెచర్‌కు పద్మావతమ్మ అడ్డం పడింది. ఆసుపత్రి వరండాలో ఓ యాభై ఏళ్ల మనిషి ఎదురొస్తున్నాడు. కంటి మూల నుంచి పెదవి దాకా, ముక్కు పక్కగా పాత కోత.

బిడ్డ ఆపరేషన్‌కు పోతుంటే ఇదేం శకునం!

ముఖేష్‌కు పదిహేడేళ్లు. ఏడాదిగా ముక్కులో నెత్తురు కారుతుంటే, వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగించింది ఈ మహాతల్లే. చివరికి స్కానింగు చూసి డాక్టర్ హరిత చెప్పింది.

"ముక్కు లోపల గడ్డ. కేన్సర్ కాదు. కానీ నిండా రక్తనాళాలే. తీసేటప్పుడు నెత్తురు ఆగకుంటే కష్టం."

తాడిపత్రిలో అంతమంది చుట్టాలుండీ ఒక్కరి రక్తమూ కలవలేదు. ఆసుపత్రివాళ్లే ఎట్లో ఒక్క సంచి రక్తం సంపాదించారు. అదంతా తన మొక్కు బలమే అనుకుంది పద్మావతమ్మ.

ఎదురొస్తే వెనక్కి తిరిగి, గుక్కెడు నీళ్లు తాగి బయల్దేరాలి. ఆమె చేతిసంచిలోంచి సీసా తీసి కొడుకు నోటి దగ్గర పెట్టింది.

"నీళ్లు తాపాకమ్మా!" ఆ మనిషి అరిచాడు. "మత్తిచ్చే ముందు చుక్క గూడా పోగూడదు!"

"ఎదురొచ్చిందే గాక బుద్ధులు చెప్తాండావా? ఆ ముఖం ఏసుకోని పక్కకు పో!"

అతను నొచ్చుకున్నట్టు కూడా కనపడలేదు.

"నేనే తిరుక్కుంటాలే తల్లీ. నీళ్లు మాత్రం వద్దు."

గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మోచేతి మడతలో దూది పెట్టి ప్లాస్టరు అంటించి ఉంది. ఈయనా ఎవరో రోగేనేమో అనుకుంది. స్ట్రెచర్ లోపలికి పోయింది.

గంట. రెండు గంటలు. నర్సు పరుగున బయటికొచ్చింది.

"ఏమైందమ్మా?"

"నెత్తురు ఆగలేదు. ఆ సంచి ఎక్కిస్తాండాం."

పద్మావతమ్మ ఆ అపశకునం ముఖాన్ని తిట్టుకుంటూ నేల మీదే కూలబడింది.

మరో రెండు గంటలకు హరిత వచ్చింది.

"గడ్డంతా వచ్చేసిందమ్మా. ముక్కులోంచే తీసినాం, ముఖం మీద గీటు గూడా పడలేదు. ఆ రక్తమే లేకుంటే దక్కేవాడు కాదు."

పద్మావతమ్మ భోరుమంది. "ఇచ్చిన పుణ్యాత్ముడు యాడ ఉండాడు? కాళ్లు మొక్కుతా!"

"పోయినాడు. జమాల్ సాబ్ అని, మీ తాడిపత్రిలోనే బండలు కోస్తాడు. ఆయన రక్తం ఎవరికైనా సరిపోతాది. ఈ గడ్డ ఆపరేషన్ అని ఫోన్ చేస్తే చాలు, మొదటి బస్సుకే వస్తాడు. మీవాడి ఈడులో ఆయనకూ ఇదే వచ్చిందంట."

"మా ఊరేనా? ఎట్ల గుర్తు పట్టేది మేడమ్?"

"సులువేనమ్మా. ఆ కాలంలో ముక్కు పక్కన ముఖం కోసి తీసేవాళ్లు."