ఇవతలి గట్టు మట్టి

గూళ్లు అల్లడంలో గిజిగాడికి మంచి పేరుంది. తన పేరు మీదే చెరువు అవతలి గట్టున గూళ్లు కట్టి అద్దెకిచ్చుకోవడానికి పిచ్చుకకు అనుమతిచ్చాడు. షరతు ఒక్కటే: గూడు గాలికి ఊగకుండా లోపల మెత్తే మట్టి ఇవతలి గట్టుదే కావాలి.

ఆ మట్టి దారిలోనే ఎండిపోయేది. గూళ్లు ఊగిపోయి, అద్దెకున్న పిట్టలన్నీ ఖాళీ చేశాయి.

"నా పేరు చెడగొట్టావు!" అన్నాడు గిజిగాడు.

"నీ మట్టే నన్ను ముంచింది!" అంది పిచ్చుక.

తగువు విన్న తాబేలు తాత, "ఒరే గిజిగా, ఒక్క ముద్ద నువ్వే తీసుకెళ్లి మెత్తి చూపించు" అన్నాడు.

నోట్లో మట్టి ఉన్నంతసేపూ గిజిగాడు వాదించలేదు. అవతలి గట్టు చేరేసరికి ముద్ద కాస్తా పొడై రాలిపోయింది. కాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

"సర్లే పిచ్చుకమ్మా, ఇక్కడి మట్టే వాడుకో. ఎవరైనా అడిగితే మాత్రం నాదని చెప్పు."