టీకాల్లో చెయ్యి తిరిగినవాడు

ఈ ఉద్యోగం రాకపోతే ఇక బావమరిది కొట్లో కూర్చుని పొట్లాలు కట్టాల్సిందే. ఆ మాట అన్నది పరాయివాళ్లు కాదు, కట్టుకున్న భార్యే.

పనిచేసిన సంస్థ మూతపడ్డప్పటి నుంచి ఆయన కాపురం బావమరిది ఇంట్లోనే. ఆ బావమరిదే పొద్దున కొట్టు తెరుస్తూ, "బావా, ఊరి చివర కొత్త మేడలో టీకా పని తెలిసినవాళ్లు కావాలట. నీ పంట పండింది, పరిగెత్తు!" అని తరిమాడు.

ఆ మేడలో డైరెక్టరమ్మ తల పట్టుకుని కూర్చుంది. వానలు ముంచుకొస్తున్నాయి. దోమలు తెచ్చే జ్వరానికి టీకా ఇంకా కంప్యూటర్ తెర దాటి బయటికి రాలేదు. ఉన్న ఒక్క నిపుణుడూ మొన్ననే చెయ్యిచ్చి వెళ్లిపోయాడు.

"ఇంతవరకూ మీ చేతి మీదుగా ఎన్ని టీకాలు బయటికొచ్చాయి?" అని అడిగిందావిడ.

"పదకొండండీ. ఇంకో రెండు మధ్యలోనే ఆగిపోయాయి, డబ్బు పెట్టే మహారాజు దొరక్క."

"మాకూ అదే ఏడుపు! మరి వాటివల్ల ఎవరికైనా ఇబ్బంది కలిగిందా?"

"అబద్ధమెందుకండీ, కొందరికి తలనొప్పి వచ్చింది. ఒకరిద్దరు నిద్రలోకి జారుకున్నారు."

"అంతేనా! పిల్లలకో?"

"పిల్లలకైతే సగానికి సగం తగ్గించేవాణ్ని."

డైరెక్టరమ్మ మొహం వెలిగింది. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పక్కనున్న కంప్యూటర్ ఇంజనీరుకు సైగ చేసింది. అతను తెర ఇటు తిప్పాడు. దాని నిండా ఆ జ్వరపు వైరస్ జన్యుక్రమం తాలూకు అక్షరాలు, చీమల బారులా. ఎక్కడా ఖాళీ లేదు, చుక్క లేదు.

"ఇది దోమలది సార్. ఏ ముక్క పట్టుకుంటే మొత్తం లొంగుతుందో తేలడం లేదు."

ఆయన కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. ఎన్నాళ్లకు మళ్లీ ఇలాంటి చిక్కుముడి! ఒళ్లు పులకరించింది.

"దోమలది నేనెప్పుడూ ముట్టుకోలేదండీ."

"మేమూ ముట్టుకోం సార్, అంతా కంప్యూటర్ మీదే. పైగా ఇందులో నాలుగు రకాలున్నాయి. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు."

"ఎలా ఉంటాయి నాయనా? నకలు తీసిన ప్రతిసారీ ఎక్కడో ఓ అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పుకి మళ్లీ నకలు. పోనుపోను అసలుకీ దానికీ పోలికే ఉండదు. అన్నిట్లోనూ మారకుండా మిగిలిన ముక్క ఉంటుంది చూడు, ముందు దాన్ని పట్టుకోవాలి."

ఇంజనీరు నోరు వెళ్లబెట్టాడు. "మేడమ్, మనం ఆర్నెల్లుగా కొట్టుకుంటున్నది సరిగ్గా ఇదే!"

"ఇంకేం అడగను," అంది డైరెక్టరమ్మ. "రేపే వచ్చి చేరండి."

ఆ సాయంత్రం భార్య ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకుంది. బావమరిది "నేను చెప్పలా!" అని మీసం దువ్వాడు. ఆయనకు కడుపు నిండిపోయింది.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. డైరెక్టరమ్మ రాగానే లేచి నిలబడి, ఎంతో వినయంగా అడిగాడు:

"టీకా తాత్పర్యాలు రాయడం మొదలుపెట్టే ముందు ఒక్క మాటమ్మా, ఇంతకీ ఈ దోమల కావ్యం రాసిన మహాకవి ఎవరు?"