బుడ్డిలో దొరసాని

చిట్టెమ్మ కట్టిన అయిదో ఈగను కూడా జోజప్ప పక్కన పెట్టేశాడు.

"శాంపిల్లా లేదు పిన్నీ. ఇంకొక్కటే ఉంది. నిదానంగా కట్టు."

బేరాల్లేని కొట్లవాళ్ళు ఈగలు తోలుకుంటారు. తిరువూరు చర్చి వెనక రేకుల షెడ్డులో మాత్రం పన్నెండు మంది ఆడవాళ్ళు ఈగలు కట్టుకుంటారు. అదే వాళ్ళ బతుకుతెరువు. గాలం ముల్లుకి కోడి మెడ ఈక చుట్టి, పట్టుదారంతో బిగిస్తే ఈగ. అది ఓడెక్కి దేశంకాని దేశం పోతుంది. అక్కడి దొరలు దాన్ని ఎరగా వేసి చేపని పడతారట. పట్టి, ముచ్చట తీరాక మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారట.

"వదిలేసేదానికి ఇంత పట్టుదారం దేనికి నాయనా" అని చిట్టెమ్మ 1970లో, షెడ్డు తెరిచిన మొదటి రోజునే అడిగింది. ఆరేళ్ళయింది. జవాబు ఇంకా ఓడలోనే ఉంది.

ఈ ఆరేళ్ళూ చిట్టెమ్మ పని మీద జోజప్ప ఈగ వాలనివ్వలేదు. షెడ్డుకి పెద్ద అతనే. కానీ పోయిన వారం మద్రాసు ఏజెంటు ఉత్తరం వచ్చి వాలింది. మీ సరుకు ఈమధ్య బాగుండటం లేదు, కొనేవాళ్ళే శాంపిలు పంపారు, అచ్చం ఇలా కట్టగలిగినవాళ్ళనే ఉంచండి, మిగతావాళ్ళని శనివారంతో మానిపించండి, అని.

శాంపిలు ఇంజెక్షన్ బుడ్డిలో, దూది పరుపు మీద, పెళ్ళికూతురిలా దిగింది. జోజప్ప భూతద్దం పెట్టి చూశాడు. మెడ సన్నం. రెక్కలు సమానం. ముడి ఎక్కడ పడిందో దేవుడికి తెలియాలి.

"ఎవరో దొరసాని కట్టి ఉంటుంది," అన్నాడు. అప్పట్నుంచీ ఆ ఈగ పేరే దొరసాని.

మనిషికి ఆరు ముళ్ళు ఇచ్చారు. ఆరింటిలో ఒక్కటైనా దొరసానికి సరితూగాలి. పదకొండు మంది కట్టి గట్టెక్కారు. చిట్టెమ్మ మిగిలింది.

తప్పు చేతిది కాదు, కళ్ళది. గంపలగూడెంలో కళ్ళ క్యాంపుకి శుక్రవారం వెళితే శుక్లం అన్నారు. ఇంకా ముదరలేదు, ముదిరాక రా, తీసేస్తాం అన్నాడు డాక్టరు. డాక్టరు లెక్కన ముదరలేదు. మద్రాసు లెక్కన ముదిరిపోయింది. మధ్యలో చిట్టెమ్మ దోరకాయలా వేలాడుతోంది.

ఈ బల్ల పోతే మిగిలేది మిరప చేను. కాయ పచ్చో ఎరుపో తెలియని మనిషిని ఏ రైతు కోతకి పిలుస్తాడు? కట్టుకున్నవాడు వేసిన మూడు ముళ్ళు పదేళ్ళే నిలిచాయి. ఆ తరవాత బతుకంతా ముళ్ళ మీదే. తను వేసిన ముడి ఒక్కటీ ఊడలేదన్న గర్వం తప్ప ఆవిడకి వేరే ఆస్తి లేదు.

పక్క బల్ల జ్ఞానమణి వంగి గుసగుసలాడింది.

"అత్తా, నాదొకటి నీ డబ్బాలో వేస్తా. ఎవరికీ తెలీదు."

"దారం చెప్పేసుద్దే."

"దారానికి నోరుందా ఏంటి?"

"ఉంది. మీ అందరిదీ కుడి పక్కకి మాట్లాడుద్ది. నాది పుర్రచెయ్యి గదా, ఎడం పక్కకి మాట్లాడుద్ది. జోజప్ప చూడకపోయినా నా వేలికి తెలుసుద్ది."

ఆరో ముల్లుని బల్ల అంచునున్న పట్టకారు లాంటి వైసులో బిగించింది. ఈక రెండుసార్లు జారిపోయింది. చిట్టెమ్మ బుడ్డి వైపు తిరిగింది.

"నీకేమ్మా దొరసానీ. కళ్ళున్నాయి, కట్టావు."

"ఆవిణ్ణేదో ఎరిగినట్టు మాట్లాడతావేంటత్తా," నవ్వింది జ్ఞానమణి.

"ఎరక్కేం. మహా పొగరుబోతు. రెక్కలు సమంగా కుదిరిందాకా అన్నం ముట్టేది కాదు."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులోనే చిట్టెమ్మ మూడోసారి చుట్టి, ముడి వేసి, దారం కొరికింది.

జోజప్ప చాలాసేపు చూశాడు. భూతద్దం మార్చి మార్చి పట్టుకున్నాడు. తరవాత ఆ ఈగని కోడిగుడ్డు పెట్టినంత మెల్లిగా పక్కన పెట్టాడు.

"దాన్ని కట్టినామెకి కళ్ళున్నాయి పిన్నీ. నేనేం చేసేది. పైనుంచి ఉత్తరం."

"నువ్వేం చేస్తావు నాయనా."

"ఏమన్నా అను. తిట్టాలంటే తిట్టు. నువ్విట్టా ఊరుకుంటే నాకు బాగోలేదు."

అనడానికి ఆవిడ దగ్గర ఒక్క మాట ఉంది. కానీ కట్టడమే పనిగా ఉన్న చోట అదీ కట్టుకథే అంటారు. అలా అనకుండా నమ్మినా, పోయిన చూపు తిరిగి వస్తుందా? చిట్టెమ్మ కత్తెర తుడిచింది. దారపు రీలు జ్ఞానమణి బల్ల మీదికి జరిపింది. లేచి చెయ్యి చాపింది.

"దొరసానిని ఒక్కసారి నా చేతికియ్యి. చెప్పి పోతా."

జోజప్ప మూత తీసి, బుడ్డి ఆవిడ ఎడం అరచేతిలోకి వంచాడు.

చిట్టెమ్మ దాన్ని కళ్ళ దాకా తేలేదు. మెడ మీద బొటనవేలి గోరు ఆనించి, మెల్లిగా తిప్పింది.

దారం, శాంపిలు వచ్చిన రోజు తడిమినప్పుడు తెలిసినట్టే, ఎడం పక్కకి తిరిగి ఉంది; ఆరేళ్ళ కిందట, కళ్ళున్నప్పుడు, మొట్టమొదటి పార్సిల్లో తను కట్టి పంపిన ఈగ అది.