రెండేళ్ల కార్డు

“మోకాలి నొప్పి ఎన్నాళ్ల నుంచి?” అని అడిగింది క్లినిక్‌లో దరఖాస్తులు రాసే ఓర్లీన్, ఫారం మీంచి తల ఎత్తకుండానే.

రిటైరయి మూడేళ్లయిందని, నొప్పీ అప్పటినుంచేనని చెప్పాడు రాయిస్ హాడ్లాక్. డిప్యూటీ షెరిఫ్‌గా ముప్పై ఏళ్లు కౌంటీ మొత్తాన్ని గడగడలాడించిన మనిషి, టోపీ ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. ఆయనకు కావలసింది గంజాయి కార్డు. డాక్టరు సంతకం పెడితే ఓక్లహోమా రాష్ట్రం కార్డు ఇస్తుంది. కార్డుంటే కొట్టుకు వెళ్లి దర్జాగా కొనుక్కోవచ్చు. ఈ చట్టం వచ్చి ఏడాది దాటింది. ఊళ్లో ఇప్పుడు చర్చిలు తొమ్మిది, గంజాయి కొట్లు పదకొండు.

చట్టం రాకముందు, ఓర్లీన్ భర్త డెల్ టమాటా మొక్కల వెనక నాలుగు గంజాయి మొక్కలు వేసుకున్నాడు. చమురు బావి పనిలో విరిగిన నడుముకి మాత్రలు పనిచెయ్యక వేసుకున్నవి. రాయిస్ వచ్చి ఆ నాలుగూ వేళ్లతో సహా పీకి, డెల్‌కి బేడీలు వేశాడు. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి బతిమాలిన ఓర్లీన్‌తో, “చట్టం నేను రాయలేదు మేడమ్, అమలు చేస్తానంతే” అన్నాడు. పదేళ్ల శిక్షలో డెల్ నాలుగేళ్లే అనుభవించాడు. మిగతా ఆరూ చచ్చిపోయి తప్పించుకున్నాడు.

అప్పట్నుంచీ ఓర్లీన్ ఒకే ఒక్క కోరికతో బతుకుతోంది. ఆ కోరిక ఇవాళ కుంటుకుంటూ తనంతట తానే వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఆయన వెళ్లగానే పక్క బల్ల దగ్గరి జోడీ కుర్చీ లాక్కుని వచ్చింది. ఫారం చెత్తబుట్టలో వేస్తావా, పుట్టినతేదీ తప్పు రాస్తావా అని ఆత్రంగా అడిగింది. ఓర్లీన్ రెండూ చెయ్యలేదు. పైగా ఫొటోలో వెలుతురు చాలలేదని మళ్లీ తీసింది. డాక్టరు వెనకాలే పడి సంతకం పెట్టించింది. చూస్తూ ఉన్న జోడీకి ఒళ్లు మండింది.

“నీది అసలు ఉప్పూకారం తినే ఒళ్లేనా?”

“ఆపితే ఇంకో ఊరెళ్లి తెచ్చుకుంటాడు. ఇస్తేనే శిక్ష” అంది ఓర్లీన్.

అప్పుడు విడమరిచి చెప్పింది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్రం ఒప్పుకోలేదు. దాని లెక్కలో గంజాయి ఇప్పటికీ మత్తుమందే, అది వాడేవాడి దగ్గర తుపాకీ ఉంటే జైలే. డాక్టరు చీటీ చూపించినా అంతే. చాలామంది ఈ సంగతి తెలియక కార్డు తీసుకుంటారు. తెలిసినవాళ్లు నోరు మూసుకుంటారు. రాయిస్ ఇంట్లో తుపాకులు పద్నాలుగు. అందులో రెండు తాతగారివి. నవంబరులో జింకల వేట మొదలైతే ఊరందరికంటే ముందు అడవిలో ఉండే మనిషి. పిల్లల్లేని ఆ ఇంట్లో ముద్దుమురిపాలన్నీ వాటికే.

జోడీ లేచి వెళ్లి ఓర్లీన్‌కి కాఫీ తెచ్చిపెట్టింది.

పది రోజులకు కార్డు పోస్టులో రాయిస్ ఇంటికి చేరింది. వివరాలు సరిచూడాలని ఓర్లీన్ ఆయన్ను పిలిపించి, మందు మొదలుపెట్టారా అని తియ్యగా అడిగింది. పెట్టానని, పూటకు నాలుగు చుక్కల గంజాయి నూనె వేసుకుంటున్నానని ఆయన చెప్పాడు. అది రాసుకున్నాక ఓర్లీన్ కలం మూసింది.

“మీ ఇంట్లో తుపాకులకి శుక్రవారం దాకా గడువు” అంది. “తర్వాత ఒక్కటి కనబడినా కేంద్రం వాళ్లకి ఫోన్ చేస్తాను. పేషెంట్ల సంగతి బయటపెడితే నా ఉద్యోగం పోతుంది, పోనివ్వండి. కార్డు రెండేళ్లుంటుంది. రెండేళ్లూ కన్నేసి ఉంచుతాను. చట్టం నేను రాయలేదు సార్.”

బతిమాలతాడని ఆమె ఆశ. ఏం జవాబు చెప్పాలో ఏళ్ల తరబడి దిద్దుకుని పెట్టుకుంది కూడా. ఆయన బతిమాలలేదు. టోపీ పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయాడు. అదొక్కటే వెలితి.

శుక్రవారం మధ్యాహ్నం రాయిస్ తమ్ముడు టెక్సస్ నుంచి ట్రక్కు తెచ్చాడు. దుప్పట్లలో చుట్టిన తుపాకులు ఒక్కొక్కటే బయటికి వస్తుంటే, ఓర్లీన్ వీధికి అవతల కారులో కూర్చుని పద్నాలుగూ లెక్కపెట్టింది. ఇంటికొచ్చి బీన్స్, మొక్కజొన్న రొట్టె రెండుసార్లు వడ్డించుకుని తింది.

ఆదివారం చర్చి అయ్యాక రాయిస్ భార్య నాడీన్ గుమ్మంలో నిలబడింది, చేతిలో చికెన్ కేసరోల్ పళ్లెంతో. దెబ్బలాటకు వచ్చేవాళ్లు వంటకం తేవడమేమిటని అనుమానిస్తూనే ఓర్లీన్ తలుపు తీసింది. నాడీన్ పళ్లెం బల్ల మీద పెట్టి, ఓర్లీన్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది.

రిటైరయిన దగ్గర్నుంచి రాయిస్ మనిషి కాడట. కారు షెడ్డులో పిస్తోలు నోట్లో పెట్టుకోబోతుంటే రెండుసార్లు తను లాక్కుందట. తూటాలు పిండిడబ్బాలో దాస్తే వెతికి తీసుకునేవాడట. తుపాకులు రెండుసార్లు తమ్ముడికి పంపి, వారం తిరక్కుండా మళ్లీ వెళ్లి తెచ్చుకున్నాడట. ఇప్పుడు కేంద్రం భయానికి తమ్ముడు తిరిగి ఇవ్వడు. మూడేళ్ల తర్వాత పిండిడబ్బాలో పిండే ఉందని చెప్పి నాడీన్ ముక్కు తుడుచుకుంది.

ఓర్లీన్ తన చేతులు వెనక్కి తీసుకుంది.

“నన్ను మెచ్చుకోకు నాడీన్. మీ ఆయన బతకాలని చెయ్యలేదు. కక్షతో చేశాను.”

“ఆ తుపాకుల చట్టం కొత్త డిప్యూటీలకి ఏటా పాఠం చెప్పింది ఆయనే” అంది నాడీన్ నెమ్మదిగా. “తనమీద తనకి నమ్మకం లేదు. కనికరం లేని కాపలా కావాలనేవాడు.”

ఓర్లీన్ ఆమె మొహంలోకి చూసింది.

“అందుకే ఏరి కోరి నీ దగ్గరికొచ్చాడు.”