అందినట్టు ముద్ర

"ఎడమ చేత్తో మందిస్తే రోగి ఊరుకుంటాడా? మొహాన కొడతాడు!" అంది బు విందార్తి, గడియారం వంక చూస్తూ.

ఆవిడ జావా దీవిలోని సోలో నగరంలో ఒక ఫార్మసీ శిక్షణ అకాడమీకి డైరెక్టరు; అక్కడ 'బు' అంటే అమ్మగారు, 'పాక్' అంటే అయ్యగారు. శుక్రవారం నమాజు లోపల సీట్ల జాబితా గోడకెక్కాలి. బయట వరండాలో జనం కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు.

ఎదురుగా వెనింగ్ నిలబడే ఉంది. కూర్చోమన్నవాళ్ళు లేరు. రాతపరీక్షలో మొదటి ర్యాంకు ఆ పిల్లదే. పుట్టుకతోనే కుడిచెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది.

"నాకున్నది ఈ ఒక్క చెయ్యే, బు. తూచడం, పొట్లం కట్టడం, అన్నీ దీంతోనే చేసి చూపిస్తాను."

"చేస్తావమ్మా, ఎవరు కాదన్నారు? ఇవ్వడం దగ్గరే చిక్కు. మన జావాలో ఎడమ చేత్తో ఇస్తే ఎంత అవమానం! ఇంట్లో పెద్దవాళ్ళు నేర్పలేదూ?"

"నేర్పారు. 'ఎడమ చెయ్యి, క్షమించండి' అని చెప్పి ఇమ్మన్నారు."

పక్క బల్ల దగ్గర గుమాస్తా పాక్ జుమాదీ నవ్వబోయి, దగ్గు తెచ్చుకున్నాడు.

"అయితే ఆ కారణంతోనే సీటు లేదని రాసివ్వండి, బు."

ఆవిడ గతుక్కుమంది. చెయ్యి లేదని సీటు కాదంటే చట్టం ఊరుకోదు. పాము చావాలి, కర్ర విరగకూడదు. ఇలాంటి పెద్దమనుషుల్ని చూస్తే నవ్వూ వస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

"మేం రాయడమెందుకు? నా ఇష్టంతోనే తప్పుకుంటున్నానని నువ్వే ఓ ముక్క రాసిచ్చెయ్. తొందరగా! వెనక ఉన్న పిల్ల పేరు ఎక్కించాలి."

వెనింగ్ రెండేళ్ళు చదివి తెచ్చుకున్న సీటు అది.

"రాస్తాను. అందినట్టు ముద్ర వేసి నకలు ఇప్పించండి."

"ఒకటి కాదు, వంద ముద్రలు వేయిస్తాను. జుమాదీ గారూ, కాగితం ఇవ్వండి!"

గుమాస్తా కార్బన్ పెట్టి ఇచ్చాడు. వెనింగ్ గబగబా రాసింది. మసీదు మైకు గరగరమంది. డైరెక్టరు కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

"ఎడమ చెయ్యి, క్షమించండి."

"పరవాలేదు, పరవాలేదు!" ఆవిడ లాక్కున్నంత పని చేసింది. గుమాస్తా రెండు కాగితాల మీదా ఠపీమని ముద్ర కొట్టాడు. నకలు తీసుకుని వెనింగ్ తలుపు దాటాక, హమ్మయ్య అనుకుంటూ ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివింది:

"ఈ కాగితం ఎడమ చేత్తో ఇస్తున్నాను. అవమానమని తోస్తే తీసుకోకండి. ముద్ర వేశారంటే, నా సీటు నాకిచ్చినట్టే."