డ్రమ్ము అడుగు

"తప్పు నీదేనని ఈ కాగితం మీద సంతకం పెట్టు గనీ భాయ్. నువ్వు స్టాప్ నొక్కితేనే మిషన్ కంప్యూటర్ కూలిందని రిపోర్టు వచ్చింది," అన్నాడు మేనేజర్ అక్షయ్.

పెడితే పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ల కొలువు పోయినట్టే. అబ్దుల్ గనీ పెన్ను పట్టుకున్నాడు గానీ సంతకం పెట్టలేదు. ఆ రిపోర్టు ఇచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు శ్రీవాణి వైపు తిరిగాడు.

"కూలినంకనే నొక్కిన బిడ్డా. గా సంగతి కనబడలేదా?"

"కూలేటప్పుడు కంప్యూటర్ తన మెమరీ అంతా ఒక ఫైల్ల దింపుతది అంకుల్. నలభై జీబీ. తప్పు ఎక్కడుందో వెతికే మా ప్రోగ్రాం, డీబగ్గర్, అది చదివే చెప్పింది. ఆ డీబగ్గర్ సరిగ చదువుతుందా అని రోజూ ఆటోమేటిక్ టెస్టులు నడుస్తయి. అన్నీ పాస్."

"టెస్టుల గూడ గింత పెద్ద ఫైలే పెడ్తరా?"

శ్రీవాణి తడబడింది. "పెద్దదైతే పూటంతా పడ్తది. టెస్టు ఫైలు నాలుగు జీబీ కాడ ఆపేస్తం."

గనీ చేదుగా నవ్వాడు. "మేం డ్రమ్ముల పైన, నడుమ, అడుగున మూడు తావుల పౌడర్ తీసి చూస్తం. ఒకపారి జల్దీల పైపైన తీసి పాస్ రాసిన. అడుగంతా గడ్డలే. నాకు మెమో ఇచ్చిండ్రు. నీకెవరిస్తరు?"

శ్రీవాణి ఆ నాలుగు జీబీ హద్దు తీసేసి, నలభై జీబీ ఫైలుతో టెస్టు మళ్లీ నడిపింది. గనీ నల్లా దాకా పోయి వచ్చాడు, మళ్లీ పోయి వచ్చాడు. ఛాయ్ తెచ్చుకుని తాగడం మరిచాడు.

సాయంత్రానికి తెర మీద ఎర్రగా ఫెయిల్ అని పడింది.

"నాలుగు జీబీ దాటినంక మా డీబగ్గర్ ఏం చదవలేదు సార్," అంది శ్రీవాణి. "చదవంది కూడా చదివినట్టే చెప్పింది."

"మరి ఈ కాగితం?" అన్నాడు అక్షయ్.

ఆమె చెయ్యి చాపింది. "ఆ పెన్ను నాకియ్యి అంకుల్. తప్పు మా డీబగ్గర్‌దని రాసి నేను సంతకం పెడ్త."