నోటీసులో ఒక మాట

వేంపల్లె పోస్టాఫీసులో రాజశేఖర్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

ఇరవై ఏళ్ల చీనీ కాయల, అంటే బత్తాయిల వ్యాపారంలో సరుకు చేతపట్టి చూడకుండా బేరం ఖాయం చేసిన మనిషి కాదు. అర్థం తెలియని మాట కింద సంతకం పెట్టాలంటే చెయ్యి రాలేదు.

లాయరు ఇంగ్లీషులో రాసిచ్చిన నోటీసు అది. ఒకే మాట మూడు చోట్ల ఉంది.

పక్క బల్ల మీద ఒక ముసలాయన ఇంగ్లీషు పేపరు చదువుతున్నాడు. కళ్లద్దాలకు ఒక కాడ లేదు. ఎర్ర దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు.

"పెద్దాయనా, మాలిస్ అంటే ఏంది?"

"ఎందుకప్పా?"

"ఒకాయప్పకు నోటీసు పంపుతాండా. దాంట్లో ఉండాది."

ముసలాయన కాగితం తీసుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"ఏం చేసినాడు ఈ మనిషి?"

"బొజ్జన్న తోట గుత్తకు పట్టినా. కాయ కోసి కుప్ప పోసినాం. లారీ పోతాంటే ఈ ప్రేమయ్య దోవకు అడ్డం ముళ్లకంప కొట్టినాడు. రెండు రోజుల ఎండకు నాలుగో వంతు కాయ మెత్తబడె. పేరుకు ప్రేమయ్య, కడుపంతా విషమే."

ముసలాయన నవ్వాడు.

"పేరు పెట్టినోళ్లకు ఏం తెలుసప్పా, ఇట్లయితాడని."

"ఇంతకీ ఆ మాట?"

"కోపం కాదు. కోపం పొద్దుగూకితే దిగిపోతాది. ఇది కడుపులో పెట్టుకుని కాచుకోనుంటాది. తనకేం రాకపోయినా సరే, ఎదుటోడు చెడాలని పనిగట్టుకుని చేసేది."

"కచ్చ అను."

"అదే. శానా పెద్ద మాట. తెలిసి రాయాల. నువ్వు ఆ దోవ చూసినావా?"

"యాడ చూసినా? డ్రైవరు ఫోన్ చేసినాడు."

"సంతకం డ్రైవరుది కాదు గదా."

రాజశేఖర్ ఆలోచనలో పడ్డాడు. మూడోనాడు ఎవరో తోటకు మూడు ఎడ్లబండ్లు పంపారు. మిగిలిన కాయంతా రోడ్డుకు చేరింది. బాడుగ ఎవరూ అడగలేదు. ఎవరు పంపారో తనూ అడగలేదు. అది లెక్కలో ఎక్కడా కూర్చోవడం లేదు.

నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒకసారి పోయి చూసొస్తా."

"మంచిది. పంపే పనైతే మాత్రం పిన్‌కోడు దిద్దుకో. ఆఖరి అంకె తప్పు పడింది."

మర్నాడు పొద్దున్నే రాజశేఖర్, బండ్లు పంపినోళ్లు తెలిస్తే ఇద్దామని చీనీకాయల సంచి ఒకటి కట్టుకుని, మోటారుసైకిల్ మీద బొజ్జన్న తోట దోవ పట్టాడు. వాగు మీది కల్వర్టు ముందు కంప అలాగే ఉంది. మేకలు తోలుకొస్తున్న ఆ ఊరి గంగక్క అతన్ని గుర్తుపట్టి అరిచింది.

"ఆగప్పా. దిగి కింద చూడు."

వంగి చూశాడు. పైన నున్నగా కనిపించే కల్వర్టు అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు చీలి ఉంది. ఇనుప కమ్ములు వేలాడుతున్నాయి.

"మొన్న లారీ ఎక్కింటే డ్రైవరు ఇంటికి పోయేటోడా?"

"నాకెవరూ చెప్పల్యా అక్కా."

"చెప్పబోతే నీ డ్రైవరు తిట్టుకుంటా తిప్పుకోనిపాయ. మా సారుకేమో కాయ చెడిపోతాదని బాధ. ఈ కాలంలో ఎడ్లబండ్లు యాడుండాయి? రెండు రోజులు నాలుగూర్లు తిరిగి మూడు బండ్లు తెచ్చి, వాగులో నుంచి దాటించె. బాడుగా ఆయనే ఇచ్చుకునె."

"ఎవరా సారు?"

"ప్రేమయ్య సారు. బళ్లో ఇంగ్లీషు చెప్తాండె. అదో, ఆ వేపచెట్టు కాడ ఇల్లు."

రాజశేఖర్ నోటీసును నాలుగు ముక్కలు చేసి వాగులో వదిలాడు. బండి మీది చీనీకాయల సంచి విప్పి భుజానికెత్తుకున్నాడు. బరువున్నా ఒళ్లు తేలికగానే ఉంది. కల్వర్టు పక్కన వాగులోకి దిగి, అవతలి గట్టెక్కి, ఆ ఇంటి ముందు నిలబడి పిలిచాడు.

అరుగు మీద పేపరు పక్కకు జరిగి, చెవికి చుట్టిన ఎర్ర దారం కనిపించింది.

"రాప్పా, పిన్‌కోడు లేకుండానే వచ్చినావే."